పేరెంట్స్ మీటింగ్‌లో గ్యాస్ గీజర్, కుంపటి గురించి చెప్పాలి, ఎలా చెప్తే వింటారు?

గోపాలపట్నం_టీచర్:

అందరికీ నమస్కారం. నేను వైజాగ్‌లో గోపాలపట్నం వైపు ఒక స్కూల్లో నాలుగో తరగతికి చెప్తాను. వచ్చే వారం పేరెంట్స్ మీటింగ్ ఉంది, మార్కులూ అటెండెన్సూ అయ్యాక నాకు ఒక పది నిమిషాలు ఇమ్మని హెచ్ఎం గారిని అడిగా, సరే అన్నారు. ఆ పది నిమిషాల్లో కార్బన్ మోనాక్సైడ్ గురించి, అంటే గ్యాసో బొగ్గో గాలి చాలక మండినప్పుడు వచ్చే విషవాయువు గురించి చెప్పాలని నా ఆలోచన.

ఎందుకంటే నా క్లాసులో ఒక పాప ఈ మధ్య పొద్దున్నే డల్‌గా వచ్చేది, తలనొప్పి టీచర్ అనేది, ఒకసారి ప్రేయర్‌లోనే వాంతి చేసుకుంది. చిత్రం ఏంటంటే ఇంటర్వెల్ టైంకి మామూలైపోయి చక్కగా ఆడుకునేది. వాళ్లమ్మని పిలిచి అడిగితే దిష్టి తగిలింది టీచర్, ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేశాను తగ్గిపోద్ది అంది. మాటల్లో తెలిసింది వాళ్లు కొత్తగా అద్దెకి దిగిన వాటాలో గ్యాస్ గీజర్ బాత్రూమ్ లోపలే ఉందట, సిలిండర్ కూడా లోపలే, పైన వెంటిలేటర్‌లోంచి చలిగాలి వస్తోందని అట్టముక్క అడ్డం పెట్టారు. ముందు తల్లి స్నానం చేసి, అదే వేడిలో తలుపు తీయకుండా పాపకి పోస్తుంది. అది వినగానే నాకు చేతులు చల్లబడిపోయాయి. గీజర్ ఆపించి డాక్టర్ దగ్గరకి పంపించాను, ఇప్పుడు పిల్ల బాగుంది.

మీటింగ్‌కి వచ్చేవాళ్లలో సగం మంది అమ్మమ్మలూ నాయనమ్మలే ఉంటారు. ముందే ఇద్దరు ముగ్గురితో మాట్లాడి చూశా, గ్యాస్ అయితే వాసన వస్తది కదమ్మా అంటున్నారు. 2020 మే 7న వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీక్ అయిన రాత్రి ఆ ఘాటు వాసన, కళ్ల మంట మా వైపు వాళ్లెవరూ మర్చిపోలేదు, అందుకే గ్యాస్ అంటే ముక్కుకి తెలియాలి అని వాళ్ల మనసులో పడిపోయింది.

నా డౌట్లు ఇవి. ఒకటి, కొవ్వొత్తి వెలిగించి పైన గాజు గ్లాసు బోర్లిస్తే ఆరిపోద్ది కదా, అది చూపించి మూసిన గదిలో ఇలాగే అవుద్ది అని చెప్దామనుకున్నా, బాగుంటుందా? రెండు, బాలింత గదిలో కుంపటి పెట్టే అలవాటు గురించి పెద్దవాళ్ల మనసు నొచ్చకుండా ఎలా చెప్పాలి? మూడు, అలారం లాంటిది కొనమని చెప్పొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

---

ఉక్కునగరం_రిటైర్డ్:

టీచరమ్మా, ముందుగా మీకు దండం. పిల్ల స్కూల్‌కొచ్చాక బాగుపడుతోంది అన్న సంగతి గమనించారు చూడండి, అసలు గుర్తు అదే. ఇంట్లో ఉంటే తలనొప్పి, బయటికొస్తే తగ్గడం, ఇంట్లో ఒకరికి మించి అందరికీ ఒకేసారి తల తిప్పడం, ఇవి జ్వరాల్లో అంతగా కనపడవు.

నేను స్టీల్ ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేస్, అదే ఇనుము కరిగించే పెద్ద కొలిమి, ఆ సైడ్ పని చేసి రిటైరయ్యాను. ఆ ఫర్నేస్ గ్యాస్‌లో ఇంచుమించు 20 నుంచి 25 శాతం దాకా కార్బన్ మోనాక్సైడే ఉంటుంది, మేం సీవో అంటాం. జేబుకి మానిటర్ తగిలించుకోకుండా గ్యాస్ ఏరియాలోకి అడుగు పెట్టనివ్వరు. ఎందుకంటే దానికి రంగు లేదు వాసన లేదు కళ్లు మండవు దగ్గు రాదు. వంటగ్యాస్‌కి కూడా సొంతంగా వాసన ఉండదమ్మా, లీకైతే తెలియాలని కంపెనీవాళ్లు మెర్కాప్టన్ అనే కంపు మందు కలుపుతారు. ఆ గ్యాస్ మండి సీవోగా మారాక ఆ కంపు మిగలదు. మీ అమ్మమ్మలకి ఈ ఒక్క మాట చెప్పండి చాలు, సిలిండర్ గ్యాస్ వేరు, అది మండాక వచ్చేది వేరు, మొదటిదానికి వాసన కలిపారు రెండోదానికి కలిపేవాడు లేడు.

2014 జూన్‌లో భిలాయ్ స్టీల్ ప్లాంట్‌లో ఇదే గ్యాస్ లీకై ఆరుగురు పోయారు, అందులో పెద్ద ఆఫీసర్లు కూడా ఉన్నారు. 2021 జనవరిలో రూర్కెలాలో నలుగురు. అంత ట్రైనింగ్ ఉన్నచోటే అలా అయితే ఇంట్లో పిల్లకి నీళ్లు పోస్తున్న తల్లికి ఏం తెలుస్తుంది చెప్పండి.

ఇక కొవ్వొత్తి ప్రయోగం మాత్రం దయచేసి చెయ్యొద్దు. ఇది నేను గట్టిగా చెప్తున్నా. గ్లాసు కింద కొవ్వొత్తి ఆరేది ఆక్సిజన్ తగ్గిపోయి. సీవో అలా పనిచేయదు. అది రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది, గదిలో ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా సరే మన రక్తం మోసుకెళ్లలేదు. గాలిలో 1600 పీపీఎం అంటే పది వేల వంతుల్లో 16 వంతులు, అంతే. అంత ఉంటే 20 నిమిషాల్లో తలనొప్పి వికారం మొదలై గంటా రెండు గంటల్లో ప్రాణం పోతుంది, అదే గదిలో దేవుడి దగ్గర దీపం మాత్రం చక్కగా వెలుగుతూనే ఉంటుంది. మీరు కొవ్వొత్తి చూపించారనుకోండి, ఇంటికెళ్లి మా ఇంట్లో దీపం వెలుగుతోంది కదా పర్లేదులే అనుకుంటారు.

---

సీతమ్మధార_304:

అందరూ మరీ భయపెడుతున్నారు అనిపిస్తోంది. మా అపార్ట్‌మెంట్లో సగం ఫ్లాట్లలో గ్యాస్ గీజర్లే, చాలా ఏళ్లుగా వాడుతున్నాం ఎవరికీ ఏమీ కాలేదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే సరిపోతుంది కదా. కరెంట్ గీజర్ అయితే బిల్లు మోత, మధ్యతరగతి వాళ్లు ఏం చేస్తారు చెప్పండి.

---

నైట్‌డ్యూటీ_సిస్టర్:

304 గారూ, నేను సిటీలోనే ఒక హాస్పిటల్లో క్యాజువాల్టీ నర్సుని. కోపం తెచ్చుకోకండి కానీ ఏమీ కాలేదు అన్నది మనకి తెలిసినంతవరకే. తేలికపాటి కేసుల్లో స్నానం చేసి వచ్చాక కాస్త తల తిప్పి మంచం మీద వాలిపోతారు, వేడి నీళ్లకి బీపీ డౌన్ అయింది అనుకుంటారు, కాఫీ తాగి లేస్తారు. ఎవరికీ చెప్పరు.

మా దగ్గరికి వచ్చేవి ఎలా ఉంటాయంటే, బాత్రూమ్‌లో పడిపోయింది, కాళ్లూ చేతులూ కొట్టుకుంది, ఫిట్స్ అండీ అని తీసుకొస్తారు. దారంతా చేతిలో తాళాలగుత్తి పెట్టి పట్టుకునే ఉంటారు. పెళ్లి కావాల్సిన అమ్మాయి అయితే మూర్ఛ అని బయటికి తెలిస్తే ఎలా అని తల్లి ఏడుపు. కొంతమందికి ఇలాగే మూర్ఛ అనుకుని నెలల తరబడి మాత్రలు వాడించిన కేసులు మెడికల్ జర్నల్స్‌లో కూడా వచ్చాయి, దానికి గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అనే పేరే పెట్టారు. అందుకే టీచర్ గారూ, మీ పేరెంట్స్‌కి ఇది తప్పకుండా చెప్పండి, స్నానం చేస్తూ ఎవరైనా పడిపోతే హాస్పిటల్లో మొదటి మాటగా మా ఇంట్లో గ్యాస్ గీజర్ ఉంది అనో, గదిలో బొగ్గులు పెట్టాం అనో చెప్పమనండి. ఆ మాట మీరు చెప్పకపోతే మాకు తట్టడానికి టైం పడుతుంది, ఆ టైమే ముఖ్యం.

ఇంకోటి, కరోనా టైంలో అందరూ కొన్న ఆక్సీమీటర్. వేలికి పెట్టి చూసి 98 ఉంది పర్లేదు అని ఇంట్లోనే పడుకోబెట్టేస్తున్నారు. ఆ చిన్న మెషిన్‌కి ఆక్సిజన్ పట్టుకున్న రక్తానికీ సీవో పట్టుకున్న రక్తానికీ తేడా తెలీదు, రెండిటినీ బాగున్నట్టే చూపిస్తుంది. మనిషి మగతగా ఉన్నా నెంబరు బాగానే ఉంటుంది. దాన్ని ఈ విషయంలో అస్సలు నమ్మొద్దు. హాస్పిటల్లో రక్తం తీసి కార్బాక్సీహిమోగ్లోబిన్, అంటే సీవో పట్టుకున్న హిమోగ్లోబిన్ ఎంతుందో చూస్తేనే తెలుస్తుంది.

మందు ఏంటంటే ఆక్సిజనే, మాస్క్‌తో వంద శాతం. మామూలు గాలిలో ఉంటే రక్తంలో ఉన్న సీవో సగం అవడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్క్ పెడితే గంటా గంటన్నరలో సగం దిగుతుంది. అందుకని కాసేపు బాల్కనీలో కూర్చోబెడితే తగ్గింది కదా అని ఊరుకోకూడదు, ముఖ్యంగా కడుపుతో ఉన్నవాళ్లయితే. కడుపులో బిడ్డ రక్తం దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, తల్లి తేరుకున్నాక కూడా బిడ్డలో మిగిలే ఉంటుంది. పిల్లలు మనకంటే గబగబా ఊపిరి తీస్తారు కాబట్టి వాళ్లకి ముందే ఎక్కుతుంది. కొంతమందికి డిశ్చార్జ్ అయిన కొన్ని వారాలకి మతిమరుపు, నడకలో తూలడం, చిరాకు లాంటివి వస్తాయి, చెకప్‌కి రమ్మన్నప్పుడు రావాలి.

పడిపోయినవాళ్లని చూడగానే ఏం చెయ్యాలి అని అడుగుతారు మీటింగ్‌లో. ముందు తలుపు బార్లా తీసి మనిషిని బయటికి లాగాలి, గీజర్ నాబ్ కట్టేయాలి, 108కి చెయ్యాలి. స్పృహ లేకపోతే పక్కకి ఒత్తిగిలించి పడుకోబెట్టాలి, నోట్లో నీళ్లు పోయకూడదు. బాత్రూమ్ గడియ లోపల్నుంచి వేసుకుని స్నానం చేసే అలవాటు పిల్లలకి మాన్పించాలి, తలుపు పగలగొట్టే లోపు చాలా టైం పోతుంది.

---

ఎన్ఏడీ_ఫిట్టర్:

మేడం నేను ఎన్ఏడీ జంక్షన్ దగ్గర గీజర్లు, ఆర్వోలు బిగిస్తాను. 304 సారు ఎగ్జాస్ట్ ఫ్యాన్ అన్నారు కదా, అదేటంటే ఫ్యాన్ గాలి బయటికి లాగుద్ది నిజమే కానీ లోపలికి గాలి వచ్చే దారి ఉండాల కదా. తలుపు కింద సందులో కూడా గుడ్డ కుక్కీసి, కిటికీ మూసీసి ఫ్యాన్ వేస్తే అది ఊరికే తిరుగుద్ది. పైగా చలికి చాలామంది అది కూడా ఆపేస్తారు.

మేం బిగించడానికి వెళ్తే కస్టమర్లు ఏటంటారంటే లోపలే పెట్టు బాబూ, బయటికైతే పైపు ఖర్చు ఎక్కువవుద్ది, సిలిండర్ ఎవడైనా పట్టుకుపోతాడు అనీసి. అద్దె ఇళ్లయితే ఓనరు గోడకి కన్నం పెట్టనివ్వడు. నేను మాత్రం లోపల బిగించను అని చెప్పేస్తాను, కొందరు వేరేవాళ్లని పిలుచుకుంటారు, పోనీలెండి. గీజరు వెనక వాష్ ఏరియాలోనో డాబా గోడకో పెట్టి వేడినీళ్ల పైపు ఒక్కటే గోడలోంచి లోపలికి ఇవ్వాల. వాన పడకుండా పైన చిన్న రేకు వేయించుకుంటే చాలు. సిలిండర్ కూడా బయటే, నిలబెట్టే ఉండాల.

ఒకటి మాత్రం జాగ్రత్త, అపార్ట్‌మెంట్లలో డక్ట్ అని ఉంటాది కదా, అన్ని బాత్రూమ్‌ల వెంటిలేటర్లు అందులోకే తెరుచుకుంటాయి. గీజరు బయట పెట్టాం అని డక్ట్‌లో పెట్టేస్తారు, ఆ మండిన గాలి పై ఫ్లోర్ వాళ్ల బాత్రూమ్‌లోకి వెళ్తాది. వాళ్లింట్లో గీజరే ఉండదు పాపం, ఎందుకు తల తిరుగుతోందో వాళ్లకేం తెలుస్తాది.

మంట నీలంగా ఉండాల, పసుపు పచ్చగా సాగుతూ వస్తే, పైన మూత దగ్గర మసి పడితే బర్నరు బాగోలేదని. మన వైజాగ్‌లో సముద్రగాలికి బర్నర్ తొందరగా తుప్పు పట్టి కన్నాలు మూసుకుపోతాయి, బీచ్ వైపు ఇళ్లల్లో మరీను. ఏడాదికోసారి విప్పి క్లీన్ చేయించండి. కానీ నీలం మంట ఉంది కాబట్టి లోపల పెట్టుకోవచ్చు అనుకోకండి, మూసిన చిన్న బాత్రూమ్‌లో గాలి తగ్గే కొద్దీ మంచి మంట కూడా పాడవుద్ది. కొన్ని మోడళ్లలో టైమర్‌తో ఆగిపోద్ది, మళ్లీ వేసుకుంటారు, అంతే కదా.

బయట పెట్టే చోటే లేకపోతే నీళ్లు బకెట్లో పట్టుకుని, గీజరు కట్టేసి, కాసేపు తలుపు తీసి ఉంచి అప్పుడు స్నానం చెయ్యమంటాను. ఇది సరైన పద్ధతని చెప్పట్లేదు, తీసే వరకు ప్రాణాలు నిలబడాల కదా అని చెప్తున్నా. గుంటలకి, అదే చిన్నపిల్లలకి మాత్రం గీజరు మండుతుండగా లోపల నీళ్లు పొయ్యొద్దు.

---

పెందుర్తి_కోడలు:

బాలింత గది గురించి నేను చెప్తాను, నాకు పోయిన చలికాలం పాప పుట్టింది. మా అత్తయ్య చాలా మంచావిడ, నన్నూ పాపనీ కంటికి రెప్పలా చూసుకున్నారు, ఆ ప్రేమతోనే పొద్దునా సాయంత్రం మట్టి కుంపట్లో బొగ్గులు రాజేసి గదిలో పెట్టేవారు. పాపకి నీళ్లు పోశాక గంప బోర్లించి కింద నిప్పుల మీద సాంబ్రాణి వేసి, ఆ పైన పాప జుట్టు ఆరబెట్టడం, కిటికీ రెక్కలు మూసి, తలుపుకి దుప్పటి కట్టి. సాంబ్రాణి పొగ తగ్గిపోయాక కూడా కుంపటి అలాగే మంచం కింద ఉండేది, పొగ రావట్లేదు కదా ఇప్పుడు మంచిదే అనేవారు.

అసలు ప్రమాదం అక్కడే అని మా ఆశా వర్కర్ అక్కయ్య చెప్పింది. కట్టె మండితే పొగకి దగ్గొచ్చి మనమే బయటికి పోతాం. బొగ్గు ఎర్రగా కణకణలాడుతూ పొగ లేకుండా ఉన్నప్పుడే ఈ గ్యాస్ ఎక్కువ వదులుతుందట, మనకి హాయిగా వెచ్చగా ఉండి నిద్ర పట్టేస్తుంది. నేను చెప్తే అత్తయ్య మా కాలంలో అందరం ఇలాగే పెరిగాం అన్నారు. ఆశా అక్కయ్య మాత్రం కాదనలేదు, ఎంత చక్కటి మాట అందంటే, అత్తా నీ కాలంలో పెంకుటిల్లు, పెంకుల సందుల్లోంచి గాలి పోయేది, వాకిలి తలుపుకి కూడా జానెడు సందు ఉండేది, ఇప్పుడు నీ కొడుకు స్లాబు వేసి అల్యూమినియం కిటికీలు పెట్టించాడు, గాలి బయటికి పోయే దారి ఏదీ, అని. అత్తయ్య పైకి చూసి ఊరుకున్నారు. ఆ సాయంత్రమే కుంపటి వరండాలోకి వెళ్లింది.

మాన్పించేటప్పుడు బదులు ఏదో ఒకటి చేతికివ్వాలి టీచర్ గారూ, లేకపోతే పాపకి చలేస్తుంది అనే భయం వాళ్లకి పోదు. పాపకి టోపీ, సాక్సులు, రెండు మూడు పొరల బట్టలు, తల్లి గుండెలకి ఒంటికి ఒళ్లు తగిలేలా ఆనించుకుని పైన దుప్పటి. కంగారూ పద్ధతి అని హాస్పిటల్లో నేర్పేదే. గుడ్డలు కావాలంటే వరండాలో కుంపటి మీద వెచ్చబెట్టి తెచ్చి చుట్టమన్నాం, అత్తయ్యకి కూడా తన చేత్తో చేసినట్టు ఉంది. నిజానికి మన వైజాగ్ చలికి గదిలో నిప్పులు అక్కర్లేదు కూడా.

---

చింతపల్లి_కుర్రాడు:

అక్కా సిటీలో అక్కర్లేదేమో గానీ మా వైపు జనవరిలో వేళ్లు కొంకర్లు పోతాయి. లంబసింగి, వంజంగి వచ్చే ఫ్యామిలీల గురించి కూడా చెప్పండి టీచర్ గారు. రాత్రి క్యాంప్‌ఫైర్ అయ్యాక మిగిలిన నిప్పులు బేసిన్‌లో వేసుకుని టెంట్‌లోకి తీసుకెళ్తారు, పిల్లలకి చలేస్తుంది తమ్ముడూ అని మమ్మల్నే అడుగుతారు నిప్పులు తెమ్మని. జిప్ మొత్తం వేసేసుకుంటారు. మేం ఇవ్వం, ఇంకో రగ్గు ఇస్తాం. కొందరు గొడవ కూడా పడతారు, డబ్బులు కట్టాం కదా అని. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో కేరళ టూరిస్టులు ఎనిమిది మంది, అందులో నలుగురు చిన్నపిల్లలు, రిసార్ట్ గదిలో గ్యాస్ హీటర్ పెట్టుకుని పడుకుని ఇక లేవలేదు. అది చెప్పాక చాలామంది ఆగుతారు.

---

సీతమ్మధార_304:

సిస్టర్ గారు చెప్పింది చదివాక మా ఆవిడకి చూపించాను, ఆవిడ తలస్నానం చేసిన రోజు తల పట్టేస్తుంది అంటూ ఉంటుంది. ఆదివారం ఫిట్టర్‌ని పిలిచాను. మా వాళ్లు డక్ట్‌లో పెట్టిన గీజర్ల సంగతి కూడా అసోసియేషన్ గ్రూపులో పెట్టాను. ఇంకో డౌట్, తుఫాన్లప్పుడు కరెంట్ పోతే జెనరేటర్ వాడతాం కదా, హుద్‌హుద్ అప్పుడు 2014 అక్టోబర్‌లో మా మెట్ల కింద పెట్టి రోజుల తరబడి నడిపారు. అది కూడా ఇదేనా? ఇన్వర్టర్?

---

గోపాలపట్నం_టీచర్:

అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. కొవ్వొత్తి ఆలోచన తీసేశాను. పెంకుటిల్లు, స్లాబు ఇల్లు మాట మాత్రం అలాగే చెప్తాను, మా పెద్దవాళ్లకి అదే ఎక్కుతుంది. పిల్లలకి కూడా వేరేగా చెప్తా, తల తిరిగితే కూర్చుండిపోకుండా తలుపు తీసుకుని బయటికి వచ్చేయాలి, అమ్మని పిలవాలి అని క్లాసులో ప్రాక్టీస్ చేయిస్తాను. ఫిట్టర్ గారూ, మీటింగ్‌కి మీరొచ్చి రెండు నిమిషాలు మాట్లాడతారా, మీరు చెప్తే ఇంకా నమ్ముతారు. రిటైర్డ్ బాబాయి గారూ, అలారం సంగతి చెప్పలేదు మీరు.

---

ఎన్ఏడీ_ఫిట్టర్:

తప్పకుండా వస్తాను మేడం, పొద్దున్న పదకొండు లోపల అయితే మంచిది. పసుపు పచ్చ మంట కొట్టే పాత బర్నర్ ఒకటి షాపులో ఉంది, కన్నాలు పూడిపోయినది, తెచ్చి చూపిస్తాను.

---

ఉక్కునగరం_రిటైర్డ్:

304 గారూ, జెనరేటర్ కూడా ఇదే, ఇంకా ఎక్కువ. పెట్రోలైనా డీజిలైనా మెట్ల కింద, బాల్కనీలో, సెల్లార్లో పెట్టకూడదు, ఇంటి కిటికీలకి కనీసం 20 అడుగుల దూరంలో ఆరుబయట ఉండాలి, పొగగొట్టం ఇంటి వైపు తిరిగి ఉండకూడదు. మూసిన గ్యారేజీలో కారు ఏసీ వేసుకుని పిల్లల్ని పడుకోబెట్టడం కూడా అంతే ప్రమాదం. ఇన్వర్టర్‌లో ఏమీ మండదు, దాంతో సీవో రాదు. కరెంట్ గీజర్‌తో కూడా రాదు.

టీచరమ్మా, అలారం కొనొచ్చు కానీ రెండు విషయాలు. షాపుల్లో గ్యాస్ డిటెక్టర్ అని ఇచ్చేది ఎక్కువగా వంటగ్యాస్ లీక్‌కి, దానికి సీవో తెలీదు. డబ్బా మీద కార్బన్ మోనాక్సైడ్ అని స్పష్టంగా రాసి ఉండాలి, ఈఎన్ 50291 లేదా యూఎల్ 2034 అని స్టాండర్డ్ నెంబర్ ఉందో లేదో చూడమనండి. వంటగ్యాస్ గాలి కంటే బరువు, నేల మీద పేరుకుంటుంది కాబట్టి ఆ డిటెక్టర్ కింద పెడతారు. సీవో ఇంచుమించు గాలి అంతే బరువు, గదంతా కలిసిపోతుంది, దీన్ని పడుకునే గదిలో మనం ఊపిరి పీల్చే ఎత్తులో పెట్టుకోవచ్చు. బాత్రూమ్ లోపల ఆవిరిలో పెడితే పాడవుతుంది, బయట తలుపు దగ్గర పెట్టుకోండి. సెన్సర్‌కి ఎక్స్‌పైరీ ఉంటుంది, మోడల్‌ని బట్టి ఐదు నుంచి పదేళ్లు, వెనకాల తేదీ రాసి ఉంటుంది. ఇన్వర్టర్ బ్యాటరీ పక్కన మాత్రం పెట్టొద్దు, ఛార్జింగ్‌లో వచ్చే హైడ్రోజన్‌కి కూడా అది కూస్తుంది, ఉత్తినే కూస్తోందని విసుగొచ్చి తీసి పక్కన పడేస్తారు.

కొనలేనివాళ్లు మీ మీటింగ్‌లో ఎక్కువమంది ఉంటారు కాబట్టి అలారం మాట ఆఖర్న చెప్పండి, ముందు గీజర్ బయటికి, కుంపటి వరండాలోకి. అలారం మోగేలోపే చేయాల్సిన పనులు అవి. మా ఇంట్లో ఒకటి ఉంది, టెస్ట్ బటన్ నొక్కితే ఎలా మోగుతుందో వాళ్లు వినాలి, మీటింగ్ రోజు పంపిస్తాను. స్కూల్ పేరూ టైమూ నాకు మెసేజ్ పెట్టండి.